పెద్దయినా పోని శిశు హిమోగ్లోబిన్: రక్తపరీక్ష రిపోర్టు చూసి బెదిరిపోయే తల్లిదండ్రుల కోసం

స్కాలర్‌షిప్ దరఖాస్తులకు జతచేసే కాగితాల్లో మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కాలేజీ బోనఫైడ్‌తో పాటు ఈమధ్య రక్తపరీక్ష రిపోర్టులు కూడా కనబడుతున్నాయి. నర్సింగ్, ఫార్మసీ కోర్సుల్లో చేరే పిల్లలకు ఆరోగ్య పరీక్ష చేయించడం ఒక కారణం. రెండోది, 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం. ముఖ్యంగా గిరిజన ప్రాంతాలున్న 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు వారికి, మొత్తం 7 కోట్ల మందికి, రక్తపరీక్ష చేయాలని దాని సంకల్పం. ఆ జాబితాలో ఒడిశా, మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అన్నీ ఉన్నాయి. కాబట్టి మన కుటుంబాల్లో ఇదివరకెన్నడూ చూడని మాటలు, అంకెలు ఇళ్లకు వచ్చి చేరుతున్నాయి.

అటువంటి అంకెల్లో ఒకటి హెచ్.బి.ఎఫ్. పెద్దవాళ్లలో ఇది 1 శాతం లోపు ఉండాలి. రిపోర్టులో 20, 25 అని వస్తుంది. పక్కన ఎర్ర సిరాతో ఒక చుక్క. ఇక ఇంట్లో అన్నం దిగదు. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైన వాడికి ఈ గొడవ ఎందుకని నవ్వవద్దు. దరఖాస్తులు పరిశీలించే పని ట్రస్టువారు నాకు అప్పజెప్పారు కనుక ఈ రిపోర్టులు నా బల్లమీదికే వస్తాయి. వైద్య విద్య చదివిన మన కుర్రవాళ్లను అడిగి, వాళ్లిచ్చిన పుస్తకాలు ఓపికగా చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వైద్యం చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కాగితం ఎలా చదవాలో, ఎవరిని ఏమడగాలో చెప్పడం మాత్రమే.

ముందు హిమోగ్లోబిన్ సంగతి. ఎర్ర రక్తకణాల్లో ఉండి ఆక్సిజన్‌ను మోసుకుపోయే పదార్థం ఇది. నాలుగు గొలుసులు కలిస్తే ఒక హిమోగ్లోబిన్ అణువు. మీలో నాలో ఉన్నదానిలో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. దీన్ని హిమోగ్లోబిన్ ఎ అంటారు. ఆల్ఫాతో డెల్టా గొలుసు కలిసిన ఎ2 అనేది మరో 2, 3 శాతం ఉంటుంది. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు మాత్రం బీటా బదులు గామా గొలుసు. ఆల్ఫా రెండు, గామా రెండు కలిస్తే శిశు హిమోగ్లోబిన్, అదే హెచ్.బి.ఎఫ్.

బిడ్డకు వేరే రకం ఎందుకు? కడుపులోని బిడ్డ సొంతంగా ఊపిరి పీల్చదు. మాయ దగ్గర తల్లి రక్తం నుంచే ఆక్సిజన్ తీసుకోవాలి. తల్లిదీ బిడ్డదీ ఒకే రకం హిమోగ్లోబిన్ అయితే బిడ్డది ఆక్సిజన్‌ను లాగడం అంత సులువు కాదు. ఎర్రకణంలో బి.పి.జి. అనే ఒక పదార్థం ఉంటుంది. అది పెద్దల హిమోగ్లోబిన్‌ను గట్టిగా పట్టుకుని ఆక్సిజన్‌ను వదిలేలా చేస్తుంది. గామా గొలుసును అంత గట్టిగా పట్టుకోలేదు. అందుచేత శిశు హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఎక్కువ ఆపేక్షతో పట్టి ఉంచుకుంటుంది. పుట్టిన రోజున బిడ్డ రక్తంలో 60 నుంచి 80 శాతం దాకా ఇదే ఉంటుంది. తరువాత నెలనెలా తగ్గి, ఏడాది నిండేసరికి కొద్దిగా మిగులుతుంది. అందుకే నెలల బిడ్డ రిపోర్టులో హెచ్.బి.ఎఫ్. ఎక్కువగా ఉందని కంగారు పడనవసరం లేదు. పసిబిడ్డల రక్తం పెద్దల రక్తంలా క్షారానికి లొంగదని కోర్బర్ అనే ఆయన 1866లోనే గమనించాడు. ఇది కొత్తగా పుట్టిన సంగతి కాదు, మన దాకా రావడమే కొత్త.

ఇక జన్యువుల మాట. నాకు తెలిసిన భాషలో చెబుతాను. 11వ క్రోమోజోము మీద ఒక బ్యాంకు హాలు ఉందనుకోండి. అందులో వరుసగా కౌంటర్లు. మొదటిది ఎప్సిలాన్, తరువాత రెండు గామా కౌంటర్లు, ఆ తరువాత డెల్టా, చివర బీటా. గర్భం మొదటి వారాల్లో ఎప్సిలాన్ పనిచేస్తుంది, ఆపైన గామా, పుట్టుక సమయం నుంచి బీటా. జన్యువులు ఏ వరుసలో ఉన్నాయో సుమారుగా అదే వరుసలో వాడకంలోకి రావడం నాకు బాగా నచ్చిన సంగతి. హాలు ముందు భాగంలో ఒక పెద్ద అధికారి ఉంటాడు. శాస్త్రవేత్తలు దాన్ని లోకస్ కంట్రోల్ రీజియన్ అంటారు. ఆయన సంతకం లేనిదే ఏ కౌంటరులోనూ చెల్లింపు జరగదు. ఆయన ఒక సమయంలో ఒక కౌంటరు దగ్గరే కూర్చోగలడు. బీటా దగ్గర కూర్చుంటే గామాలో పని సాగదు. పెద్దవాళ్లలో గామా కౌంటరుకు ‘మూసివేయబడినది’ అని బోర్డు తగిలించే ప్రోటీన్లు కూడా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది బి.సి.ఎల్.11ఎ. 2007, 2008 సంవత్సరాల్లో వేలమంది జన్యువులను పోల్చి చూసినప్పుడు ఈ పేరు బయటపడింది. 2008లోనే అమెరికాలో విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం ఈ ప్రోటీను తగ్గితే గామా మళ్లీ పనిచేస్తుందని చూపించింది.

కొందరిలో గామా కౌంటరు జీవితాంతం తెరిచే ఉంటుంది. దీన్నే శిశు హిమోగ్లోబిన్ వంశపారంపర్యంగా కొనసాగడం అంటారు. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. మొదటి విధంలో డెల్టా, బీటా కౌంటర్లున్న గోడే కూలిపోయి ఉంటుంది, అంటే క్రోమోజోములో ఆ ముక్క లేదు. అధికారికి వెళ్లడానికి వేరే చోటు లేక గామా దగ్గరే ఉండిపోతాడు. ముక్క పోవడం వల్ల ఎక్కడో దూరంగా ఉన్న, జన్యువులను ఉత్సాహపరిచే భాగాలు దగ్గరికి జరిగి రావడం కూడా దీనికి తోడవుతుంది. ఆఫ్రికాలో, మన దేశంలో ఇటువంటి రకాలు కనుగొన్నారు. భారతీయ రకం అని పేరు పెట్టినది కూడా ఒకటుంది. రెండో విధంలో గోడలన్నీ ఉంటాయి, బోర్డు తగిలించే మేకు మాత్రం ఉండదు. గామా జన్యువుకు ముందున్న భాగంలో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుంది. గ్రీకులలో, ఇటలీలో, బ్రిటన్‌లో ఇలాంటివి కనబడ్డాయి. ఆ మారిన అక్షరాలు సరిగ్గా బి.సి.ఎల్.11ఎ వంటి ప్రోటీన్లు వచ్చి అంటుకునే చోట్లలోనే ఉన్నాయని 2018లో రుజువైంది. మాల్టా దీవిలో ఒక కుటుంబంలో కె.ఎల్.ఎఫ్.1 అనే వేరే జన్యువు దెబ్బతినడం వల్ల కూడా ఇదే ఫలితం వచ్చిందని 2010లో ప్రకటించారు. బోర్డు తగిలించమని ఆజ్ఞాపించే పై అధికారి సెలవులో ఉన్నట్లన్నమాట.

ఈ లక్షణం తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ వచ్చిన ఒక్క క్రోమోజోము మీద ఉన్నా చాలు, రిపోర్టులో కనిపిస్తుంది. ముక్క పోయిన రకంలో హెచ్.బి.ఎఫ్. సాధారణంగా 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. మనిషికి ఏ జబ్బూ ఉండదు. ఇద్దరి నుంచీ వచ్చినవారిలో 100 శాతం హిమోగ్లోబిన్ శిశు రకమే అయినా వాళ్లు తిరుగుతూ, పనిచేసుకుంటూ ఉన్నారు. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే రకం కనుక ఎర్రకణాలు కాస్త ఎక్కువగా తయారవుతాయి, అంతే.

రెండేళ్ల క్రితం రాయగడ వైపు నుంచి ఒక తండ్రి మా ఇంటికి వచ్చారు. రెండో అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. ఆమె రిపోర్టులో హెచ్.బి.ఎఫ్. 23.8 ఉంది. కింద ల్యాబ్ వారు ‘తలసేమియా అనుమానం’ అని రాశారు. అప్పటికే పెద్దమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నారు. మగపెళ్లివారికి ఎవరో ఈ మాట చేరవేశారు, వాళ్లు మాట్లాడటం మానేశారు.

“బాబాయిగారూ, రెండోదాని సంగతి పెద్దదానికి చుట్టుకుంది. ఆ కాగితం చింపేస్తే పోదా?” అన్నారాయన.

చింపవద్దన్నాను. ఆ కాగితంలోనే మిగతా అంకెలు ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12.4, ఎం.సి.వి. 83, ఎ2 1.9. ఈ ఎం.సి.వి. అనేది ఎర్రకణం సగటు పరిమాణం. తలసేమియా లక్షణం ఉన్నవారిలో కణాలు చిన్నవవుతాయి, ఎం.సి.వి. 80 కన్నా బాగా తగ్గుతుంది. మామూలు బీటా తలసేమియా క్యారియర్‌లో ఎ2 పెరుగుతుంది. ఈ అమ్మాయికి రెండూ అలా లేవు. హెమటాలజీ డాక్టరుగారి దగ్గరికి తల్లినీ తండ్రినీ కూడా వెళ్లమన్నాను. పరీక్షలో తల్లికి మామూలుగా వచ్చింది, తండ్రికి 22.6 వచ్చింది! ఆయన వయసు 54. ఒక్కరోజు రక్తం ఎక్కించుకున్నవాడు కాదు, మూటలు మోసి పిల్లలను చదివించినవాడు. తరువాత డి.ఎన్.ఎ. పరీక్షతో విషయం ఖాయమైంది. పెద్దమ్మాయికి అసలు రానేలేదు, ప్లస్ టూ చదివే కుర్రవాడికి వచ్చింది.

ఆ నర్సింగ్ అమ్మాయి అడిగింది: “నాకూ తమ్ముడికీ వచ్చి అక్కకు రాకపోవడమేమిటి తాతగారూ?” తండ్రి దగ్గర ఆ క్రోమోజోము రెండు కాపీలు ఉంటాయి, ఒకటి మామూలుది, ఒకటి ఇది. ప్రతి బిడ్డకూ రెండింట్లో ఒకటి ఇస్తాడు. ప్రతిసారీ బొమ్మా బొరుసా వేసినట్లే. ముందు బిడ్డకు ఏది వచ్చిందన్నది తరువాతి బిడ్డకు లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డెల్టా బీటా తలసేమియా అని ఇంకొకటి ఉంది. అందులోనూ డెల్టా, బీటా ముక్క పోతుంది, అందులోనూ హెచ్.బి.ఎఫ్. పెరుగుతుంది, సాధారణంగా 5 నుంచి 15 శాతం దాకా. కానీ పోయిన బీటా గొలుసుల లోటును గామా పూర్తిగా పూడ్చలేదు, కణాలు చిన్నవవుతాయి. పైకి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి నిరపాయం, రెండోది పెళ్లి సంబంధం విషయంలో లెక్కలోకి తీసుకోవలసినది. అంచు మీద ఉన్న అంకెలను బట్టి ల్యాబ్ కాగితం మాత్రమే చూసి తేల్చలేరు. కుటుంబసభ్యుల పరీక్ష, డి.ఎన్.ఎ. పరీక్ష అందుకే. సికిల్ సెల్‌కు వాడే హైడ్రాక్సీయూరియా మందు వల్ల, కొన్ని మూలుగ జబ్బుల వల్ల, గర్భం మొదటి నెలల్లో కూడా హెచ్.బి.ఎఫ్. కొంత పెరుగుతుంది. మూడు నాలుగు నెలల లోపు రక్తం ఎక్కించుకుని ఉంటే అంకెలన్నీ తారుమారవుతాయి. ఈ సంగతులు డాక్టరుగారు అడగకపోయినా మీరే చెప్పాలి.

ఈ హిమోగ్లోబిన్‌కు ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం సికిల్ సెల్. ఆ జబ్బులో బీటా గొలుసులో ఒక చిన్న మార్పు ఉంటుంది. ఆక్సిజన్ వదిలాక ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని తాళ్లలా సాగి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. రక్తనాళాలు మూసుకుపోయి భరించలేని నొప్పులు వస్తాయి. న్యూయార్కు బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు, ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు మొదటి నెలల్లో బాగానే ఉంటారని, శిశు హిమోగ్లోబిన్ వారిని కాపాడుతూ ఉండవచ్చని 1948లో రాసింది. గామా గొలుసులు ఆ తాళ్లలో చేరవు, వాటిని తెంపుతాయి. 1955లో ఎడింగ్టన్, లేమన్ అనే ఇద్దరు, నేటి ఘనాలో, పెద్దవారై ఉండి కూడా శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్న ఆరోగ్యవంతుల సంగతి ప్రకటించారు. ఆ లేమన్‌గారే అంతకు ముందు 1952లో నీలగిరి గిరిజనుల్లో సికిల్ సెల్ ఉందని మన దేశంలో మొదటిసారి చెప్పినవారు. తమిళనాడులోని మన పాఠకులకు ఇది తెలియవలసిన సంగతి.

ఒడిశాలో బుర్లా వైద్య కళాశాల డాక్టరు బి.సి. కర్, జమైకాలో పనిచేసిన గ్రాహం సర్జెంట్ తదితరులు 1986లో ఇక్కడి రోగులను జమైకా రోగులతో పోల్చి చూశారు. మనవారిలో శిశు హిమోగ్లోబిన్ ఎక్కువ, జబ్బు కొంత నెమ్మది అని తేలింది. మన సికిల్ జన్యువు ఆఫ్రికా నుంచి వచ్చింది కాదు, అరబ్బు దేశాలకూ మనకూ ఉమ్మడిగా ఉన్న వేరే మూలం అనీ, దాని పక్కనే గామా జన్యువు ముందు ఒక అక్షరం మార్పు ఉందనీ తరువాత స్పష్టమైంది.

అయితే దీన్ని పట్టుకుని కొందరు తల్లిదండ్రులు తప్పు భరోసా పెట్టుకుంటున్నారు. ‘మావాడికి సికిల్ ఉన్నా హెచ్.బి.ఎఫ్. 18 ఉంది, ఏమీ కాదన్నారు’ అంటారు. ఆ 18 సగటు మాత్రమే. పది ఖాతాలున్న చోట రెండింట్లో తొంభై వేలేసి, మిగిలిన ఎనిమిదింట్లో సున్నా ఉన్నా సగటు పద్దెనిమిది వేలే వస్తుంది. ఆ ఎనిమిదిమందికి పూట గడవదు. సికిల్ రోగుల్లో శిశు హిమోగ్లోబిన్ కొన్ని కణాల్లో ఎక్కువగా, కొన్నింట్లో తక్కువగా ఉంటుంది. లేని కణాలు వంగిపోతాయి. ముక్క పోయిన వంశపారంపర్య రకంలో దాదాపు ప్రతి కణంలోనూ సమానంగా ఉంటుంది. అందుకే ఒకవైపు నుంచి సికిల్ జన్యువు, ఇంకోవైపు నుంచి ఈ లక్షణం వచ్చినవారు చాలావరకు ఏ బాధా లేకుండా ఉంటారు. రెండువైపుల నుంచీ సికిల్ జన్యువు వచ్చినవాడు మాత్రం, హెచ్.బి.ఎఫ్. ఎంత ఉన్నా, రోగే. మందు మానకూడదు. విదర్భ ప్రాంతంలో పిల్లల్లో ఈ జబ్బు తీవ్రంగానే ఉంటోందని నాగపూర్ వైద్యులు రాశారు.

పెళ్లి లెక్క కూడా చెబుతాను, అసలు భయమంతా అక్కడే కనుక. శిశు హిమోగ్లోబిన్ లక్షణం ఒకరికి ఉండి ఇంకొకరికి ఏమీ లేకపోతే పిల్లల విషయంలో ఆలోచించవలసిందే లేదు. ఇంకొకరు సికిల్ క్యారియర్ అయితే ప్రతి కాన్పులో నాలుగు చీట్లు: ఏదీ లేనిది, ఇది మాత్రమే ఉన్నది, సికిల్ క్యారియర్, రెండూ ఉన్నది. నాలుగో చీటీ బిడ్డ రిపోర్టులో మామూలు హిమోగ్లోబిన్ ఎ అసలు ఉండదు, సికిల్ 70, శిశు రకం 30 అని వచ్చి అచ్చం జబ్బులాగే కనబడుతుంది. తల్లిదండ్రుల రిపోర్టులు పక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. ఇద్దరూ సికిల్ క్యారియర్లయితే మాత్రం ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం. మన ఇళ్లలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. ఒకే తాత నుంచి ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే వీలు అక్కడ ఎక్కువ. జాతకాల పక్కన ఒక హెచ్.పి.ఎల్.సి. రిపోర్టు పెడితే ఎవరి గౌరవమూ పోదు. రాయగడ అమ్మాయి అక్క సంబంధం విషయంలో డాక్టరుగారి ఉత్తరం పంపించాక కూడా ఆ మగపెళ్లివారు తిరిగి రాలేదు. వేరే చోట కుదిరింది. అమ్మాయిది తప్పేమీ లేదని కాగితం చెప్పినా మనసులు మారడానికి సమయం పడుతుంది.

సైన్సు చదివే పిల్లలకు ఒక మాట. ఈ నిరపాయమైన కుటుంబాలను చూసే సికిల్ సెల్‌కు మార్గం దొరికింది. 1998లో అమెరికాలో ఆమోదం పొందిన హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ చేసే పనుల్లో ముఖ్యమైనది శిశు హిమోగ్లోబిన్‌ను పెంచడమే. ఇది సామాన్యులకు అందుబాటులో ఉన్న మందు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇస్తారు. రెండోది జన్యువును సరిచేసే చికిత్స. రోగి సొంత మూలకణాలు తీసి, ఎర్రకణాల్లో బి.సి.ఎల్.11ఎ తయారుకావడానికి కావలసిన ఒక చిన్న భాగాన్ని క్రిస్పర్ అనే కత్తెరతో కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. అంతకు ముందు పాత మూలుగను గట్టి మందులతో తుడిచిపెట్టాలి, అది తేలిక కాదు. చికిత్స ఫలించినవారిలో శిశు హిమోగ్లోబిన్ 40 శాతం దాకా పెరిగింది. ఆ కత్తెర పద్ధతికి శార్పెంటియర్, డౌడ్నా అనే ఇద్దరు స్త్రీలకు 2020లో నోబెల్ వచ్చింది. క్యాస్‌జెవీ అనే పేరుతో ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. గుమాస్తాగా నా సర్వీసు మొత్తంలో నా చేతిమీదుగా అంత పెద్ద చెక్కు ఒక్కటీ పోలేదు. మన పిల్లలెవరైనా దీన్ని చవకగా చేసే పనిలో ఉంటే అంతకన్నా కావలసిందేముంది!

దరఖాస్తుల విషయం. సికిల్ సెల్, తలసేమియా జబ్బులు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితాలో ఉన్నాయి. ఆ జబ్బు ఉన్న పిల్లలు సర్టిఫికెట్ తీసుకుని జతచేయాలి, సిగ్గుపడవద్దు. శిశు హిమోగ్లోబిన్ కొనసాగడం జబ్బు కాదు కనుక ఆ గడిలో ఏమీ రాయనక్కరలేదు.

ఈ లక్షణం ఉన్న ఆడపిల్లలు రిపోర్టు కాపీని కాన్పు ఫైలులో తప్పకుండా ఉంచుకోవాలి. ముఖ్యంగా ఆర్.హెచ్. నెగటివ్ గ్రూపు వారు. కాన్పు సమయంలో బిడ్డ రక్తం తల్లిలోకి ఎంత వచ్చిందో చూసి ఇంజెక్షన్ మోతాదు నిర్ణయించడానికి కొన్ని ఆస్పత్రుల్లో శిశు హిమోగ్లోబిన్ ఉన్న కణాలను లెక్కపెడతారు. ఈమె రక్తంలో అన్నీ అలాంటి కణాలే కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. ముందే చెబితే డాక్టరుగారు వేరే పద్ధతిలో పరీక్షిస్తారు.